పాట మేడెక్కితే పాపమా?

వీధిలో పుట్టిన పాట వెండితెర మీదికి వెళితే చెడిపోయినట్టేనా? ఈ ప్రశ్నకు మన సాహితీలోకంలో రెండు పక్షాలవారు రెండు సమాధానాలు సిద్ధంగా పెట్టుకుని ఉన్నారు. మొదటి పక్షంవారు, "వీధిలో ఉన్నప్పుడు మాత్రం అది పాట ఏమిటండీ, కేక గదా! సినిమావాళ్లు దానికి నలుగుపెట్టి, తలంటి, నాలుగు మంచి బట్టలు కట్టబెట్టారు" అంటారు. వీరిలో నాతోబాటు తిరుపతిలో భాషాప్రవీణ చదివిన సహాధ్యాయులు చాలామంది ఉన్నారు. రెండవ పక్షంవారు, "సినిమా గడప తొక్కిన నాడే ఆ పాట చచ్చింది, పాడినవాడు అమ్ముడుపోయాడు" అంటారు. వీరిలో నా శిష్యులు ఎక్కువ. సహాధ్యాయులను నొప్పించడానికీ, శిష్యుల చేత తిట్లు తినడానికీ సిద్ధపడే ఈ టపా రాస్తున్నాను.

నా పక్షం ఏమిటో ముందే విన్నవించుకుంటాను. పాట ఎక్కడికి వెళ్లిందన్నది నా దృష్టిలో అసలు విచారణే కాదు. వెళ్లేటప్పుడు తన మాటనూ, తన పేరునూ వెంట తీసుకువెళ్లిందా, లేక వాటిని గుమ్మం బయట విడిచి బాణీ ఒక్కటే లోపలికి వెళ్లిందా, అన్నదే విచారించవలసిన సంగతి. ఈ భేదాన్ని గుర్తించనందువల్లనే మనం నలభై ఏళ్లుగా పాడినవాణ్ణి బోనులో నిలబెట్టి, దోచినవాడికి పూలదండ వేస్తున్నాం.

ఉదాహరణగా జననాట్యమండలినే తీసుకుందాం. 1972లో హైదరాబాదులో పుట్టిన బృందం అది. బి. నరసింగరావు ప్రోద్బలంతో, తూప్రాన్ నుంచి వచ్చిన గుమ్మడి విఠల్‌రావు అనే యువకుడు ప్రధాన గాయకుడుగా, కొద్దిమంది కుర్రవాళ్లు బస్తీల్లో, పల్లెల్లో పాడడం మొదలుపెట్టారు. విదేశాల్లోని భారతీయులు బ్రిటిషు ప్రభుత్వం మీద తిరుగుబాటుకు స్థాపించుకున్న గదర్ పార్టీ పేరును ఆ యువకుడు తన పేరుగా చేసుకున్నాడు. గోచీ, భుజాన గొంగళి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, పక్కన ఒక డప్పు. అంతే వారి సరంజామా. మైకు దొరికితే సరే, దొరక్కపోతే మరీ సరే. బాణీలు జనానివే. బిచ్చగాళ్ల పాట, పొలంలో కలుపుతీసే ఆడవాళ్ల పాట, ఒగ్గుకథ, బుర్రకథ, అన్నింటినీ ముందు కూర్చుని నేర్చుకుని, ఆ వరసలో తాము చెప్పదలచిన మాటను కూర్చేవారు. వారి తుపాకి రాజకీయంతో నాకు ఏనాడూ ఏకీభావం లేదు. అయినా పాటను పాటగా వినగలిగే చెవి ఒకటి ప్రతి పండితుడికీ ఉండాలి. ఆ చెవితో వింటే, వారి పాటల్లోని యతి ప్రాసల పొందిక, క్రియాపదాల పదును మనం తరగతిలో బోధించే ఎన్నో ఖండకావ్యాల్లో కనిపించదు.

ఆ బృందపు పయనం చూడండి. 1980 ప్రాంతంలో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన 'మా భూమి' చిత్రంలో గద్దర్ తెరమీద కనిపించి, నిజాము నవాబును నిలదీసే పాట పాడాడు. కెనరా బ్యాంకులో గుమాస్తాగిరీ చేస్తూ 1984లో దాన్ని వదిలేశాడు. కొన్నాళ్లు అజ్ఞాతవాసం. 1990 ఫిబ్రవరిలో బయటికి వచ్చి హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో పాడితే జనం లక్షల్లో వచ్చారు. 1995లో దాసరి నారాయణరావు 'ఒరేయ్ రిక్షా' చిత్రానికి రాశాడు. ఆ పాటకు ప్రభుత్వం నంది ప్రకటిస్తే స్వీకరించలేదు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గర అతని మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. 2011 నాటి 'జై బోలో తెలంగాణ' పాటతో అతని గొంతు మళ్లీ ప్రతి ఊరి మైకులోనూ వినబడింది. 2018లో జీవితంలో మొదటిసారి ఓటు వేశాడు. 2023 ఆగస్టు 6న మరణిస్తే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మరుసటి సంవత్సరమే తెలంగాణ ప్రభుత్వం తన సినిమా పురస్కారాలకు అతని పేరు పెట్టింది. గోచీ గొంగళితో బయలుదేరినవాడు చివరకు జ్ఞాపికగా మారి, సూటూ బూటూ వేసుకున్నవారి చేతుల్లోకి వెళ్లాడన్న మాట.

దీన్ని చూపించే నా శిష్యులు "చూశారా అయ్యవారూ, పతనం!" అంటారు. ఇలాంటి తగువు మన దేశానికే పరిమితం కాదని కాలిఫోర్నియాలో ఉన్న నా పూర్వ విద్యార్థి ఒకడు చాలాకాలంగా చెబుతూ వచ్చాడు. అతడు చెప్పగా తెలుసుకుని, తరవాత నేనూ కొంత చదువుకున్న కథ ఇది. 1970ల మధ్యలో న్యూయార్కులో, లండనులో పంక్ అనే సంగీతం ఒకటి బయలుదేరింది. సంగీత శిక్షణ అక్కరలేదు, గిటారు మీద మూడు మెట్లు వస్తే చాలు, కోపం ఉంటే చాలు, పెద్ద కంపెనీల గడప తొక్కకూడదు, ఇదీ వారి మతం. ఆ మతానికి బర్కిలీ పట్టణంలో గిల్మన్ వీధి 924వ నంబరు గది ఒక మఠంలాంటిది. అక్కడ పాడుతూ పెరిగిన గ్రీన్ డే అనే ముగ్గురు కుర్రవాళ్ల బృందం పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకుని 1994లో 'డూకీ' అనే ఆల్బం విడుదల చేసింది. అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడయింది. పెద్ద కంపెనీ బృందాలకు మా వేదిక మీద చోటు లేదన్న నియమం ప్రకారం గిల్మన్ వీధివారు తలుపు మూశారు. సొంత ఊరివాళ్లే వెలివేశారు. ఆ కుర్రవాళ్లే పదేళ్ల తరవాత, 2004లో, అదే పెద్ద కంపెనీ అచ్చువేసిన 'అమెరికన్ ఇడియట్'లో తమ దేశం చేస్తున్న యుద్ధాన్నీ, దానికి తాళం వేస్తున్న టీవీలనూ దుయ్యబట్టారు. 2015లో గిల్మన్ వీధి గదిలోనే మళ్లీ పాడారు, ఒక చిన్న ప్రచురణసంస్థకు సాయంగా.

వెలివేసినవారి నిష్ఠను నేను వెక్కిరించను. మఠానికి నియమం ఉండాలి. కానీ నియమం వేరు, విమర్శ వేరు. తలుపు మూసేవాడు పాట వినవలసిన అవసరం లేదు. విమర్శకుడు వినాలి. కంపెనీ మారినా మాట మారలేదని గిల్మన్ వీధి గుమ్మం దగ్గర కూర్చున్నవాడికి 2004లో వినబడే ఉంటుంది గదా!

ఇక నా సహాధ్యాయుల వాదానికి వస్తాను. వీధిపాట సాహిత్యం కాదనేవారు తాము ప్రథమ సంవత్సరంలో చదువుకున్నదే మరిచిపోయారు. మార్గ కవిత, దేశి కవిత అన్న విభజన ఎవరికి తెలియదు? పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమన చంపూమార్గాన్ని కాదని, జానుతెనుగులో ద్విపద చేపట్టి బసవపురాణం రాశాడు. రాజు వినాలని రాయలేదు, భక్తులు గుంపుగా పాడుకోవాలని రాశాడు. మాలలూ మాదిగలూ చాకళ్లూ అందులో కథానాయకులయ్యారు. పండితులు చేసిన మర్యాద ఏమిటి? ద్విపదను ఎగతాళి చేస్తూ బూతుమాటతో చాటువు కట్టారు! తరవాతి కాలంలో శ్రీనాథుడి పేర పల్నాటి వీరచరిత్ర ఆ ద్విపదలోనే వచ్చింది. తంజావూరు నాయకరాజుల కాలానికి ద్విపద కొలువుకూటంలోనే కూర్చుంది. ఈనాడు బసవపురాణం విశ్వవిద్యాలయాల్లో పాఠ్యగ్రంథం. సోమన అమ్ముడుపోయాడని ఎవరైనా అంటున్నారా? ద్విపద మేడెక్కింది, అయితే బసవపురాణంలోని ఒక్క మాటనూ ఎవరూ కొరికివేయలేదు. సోమన పేరును ఎవరూ చెరిపివేయలేదు.

మాటను కొరికివేస్తే ఏమవుతుందో చూడడానికి బుర్రకథ చాలు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేతబట్టుకుని కరువు గురించీ, దొరల గురించీ ఊరూరా చెప్పింది. షేక్ నాజర్ తంబుర మీటితే వేలమంది కదలకుండా కూర్చునేవారు. భయపడి ఇటు మద్రాసు ప్రభుత్వం, అటు నిజాము ప్రభుత్వం ఆ కథలను నిషేధించాయి. స్వాతంత్య్రం తరవాత ప్రభుత్వం తెలివి తెచ్చుకుంది. నిషేధించడం కన్న జీతానికి పెట్టుకోవడం మేలు! అదే తంబుర, అవే గజ్జెలు, అదే తందాన. కథ మాత్రం కుటుంబ నియంత్రణ, చిన్నమొత్తాల పొదుపు. నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు మా చిత్తూరు జిల్లా పల్లెల్లో చూసిన బుర్రకథలు చాలావరకు ఇవే. కుటుంబ నియంత్రణ చెడ్డదని నేననను. కాని ఒకప్పుడు ఆ తంబుర దేనికి పుట్టిందో చెప్పేవాడు ఊళ్లో ఒక్కడూ లేకపోయాడు. నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషం. బిరుదు నాజర్‌కు అందింది. అతడు నాటిన మాట మాత్రం అప్పటికే రాలిపోయి చాలా కాలమైంది.

ఈ మాటను ఇంకా స్పష్టంగా చూపడానికి, ఒకే పాట రెండుసార్లు సినిమాకు వెళ్లిన కథ చెబుతాను. వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్రవాడు, పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టాడు, విశాఖ నౌకానిర్మాణ కేంద్రంలో పనిచేశాడు. జననాట్యమండలికి గద్దర్ ఒక గొంతయితే వంగపండు రెండవది. శ్రీకాకుళం కొండల పోరాటంలోనుంచి పుట్టిన 'ఏం పిల్లడో' అతని పాటల్లో అందరికీ తెలిసినది. నాతో వస్తావా అని పిలిచే పిలుపు అది. ఎక్కడికి రమ్మంటున్నాడో, ఎందుకు రమ్మంటున్నాడో తరవాతి చరణాల్లో ఉంటుంది. పిలుపు వినగానే సరసమనిపిస్తుంది, చరణం పూర్తయ్యేసరికి గుండె ఝల్లుమంటుంది. పాట కట్టడమంతా ఆ మలుపులో ఉంది. 1986లో ఆర్. నారాయణమూర్తి తీసిన 'అర్ధరాత్రి స్వతంత్రం'లో ఈ పాట వచ్చింది. సినిమాయే, టిక్కెట్టు కొని చూసేదే, లాభనష్టాల వ్యాపారమే. అయినా మలుపు మలుపుగానే ఉంది, రాసినవాడు రాసినవాడిగానే ఉన్నాడు. మా ప్రాంతంలో బీడీలు చుట్టేవాళ్లూ, బెల్లం వండేవాళ్లూ ఆ సినిమా చూసి పాట నేర్చుకున్నారు. పుస్తకాల ద్వారా ఈ పని జరగడానికి ఇంకొక యాభై ఏళ్లు పట్టేది. "సినిమా గడప తొక్కిన నాడే చచ్చింది" అనే నా శిష్యులకు ఇది చాలదా?

2009లో వచ్చిన 'మగధీర'లో ఆ పాటదే మొదటి పిలుపు మళ్లీ వినబడింది. ఈసారి పిలుపు ఉంది, గమ్యం లేదు. ఉత్తరాంధ్ర కొండలు లేవు, మలుపు లేదు. కథానాయకుడూ నాయికా చిందులు వేయడానికి పనికివచ్చే ఊపు ఒక్కటే మిగిలింది. కీరవాణి గారి ప్రతిభనుగానీ, రాజమౌళి గారి శక్తినిగానీ నేను శంకించడం లేదు. తియ్యటి గుజ్జు తిని టెంకను పారేసే అలవాటు మామిడిపండుకు చెల్లుతుంది. పాటలో టెంకయే మొలకెత్తేది.

ఇది నాకు కేవలం పుస్తకవిచారం కాదు. 1987లో చిత్తూరు జిల్లాలోని ఒకానొక ఉన్నత పాఠశాలలో నేను కొత్తగా చేరిన పండితుణ్ణి. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. వాళ్ల నాయన పలక వాయించేవాడు. (ఇతర జిల్లాలవారు డప్పు అనేదాన్ని మేము పలక అంటాం. బడిలో అక్షరాలు దిద్దే పలకకూ దానికీ ఒకటే పేరు కావడం గురించి వేరే టపా రాయవచ్చు.) వార్షికోత్సవానికి ముందు ఎవరెవరు ఏమేమి పాడతారని అడిగితే ఆ పిల్లవాడు లేచి ఈ పాట అందుకున్నాడు. బల్లమీద దరువు వేస్తూ, ఒక్క చరణం వదలకుండా పాడాడు. మూడో చరణంలో పెద్ద అయ్యవారు వచ్చారు. బెత్తంతో చేతుల మీద కొట్టారు. మర్నాడు తండ్రిని పిలిపించి, పిల్లవాణ్ణి అన్నలు చేర్చుకున్నారా అని అందరి ఎదుటా అడిగారు. నేను అడ్డుపడి, ఇది సినిమాలో వచ్చిన పాటేనండీ, సెన్సారువారు ఒప్పుకున్నదే అన్నాను. కొత్తవాడివి, నీకు తెలియదు కూర్చో అన్నారు. ఆ పిల్లవాడు పదో తరగతికి రాలేదు. నాయన వెంట పలక పట్టుకుని పోయాడు.

ఇరవై మూడేళ్ల తరవాత, 2010లో, అదే బడి వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. రంగురంగుల బట్టలు వేసుకున్న పిల్లలు మగధీర రికార్డుకు చిందులు వేస్తుంటే, ఆ పిలుపు రాగానే వేదిక మీది పెద్దలు కూడా చేతులు చరిచారు. చుట్టుపక్కల ఊళ్లనుంచి పిలిపించిన పలకవాళ్లు పందిరి బయట, చెప్పులు విడిచే చోట, అతిథుల ఊరేగింపు ఎప్పుడా అని కూర్చుని ఉన్నారు. ఈ పాట ఎవరు కట్టారో తెలుసా అని నాట్యం చేసిన పిల్లను అడిగితే, హీరో పేరు చెప్పింది. పిల్లది తప్పు కాదు. ఆ పాట ఆమె దగ్గరికి వచ్చేసరికి దాని మీద ఇంకే పేరూ లేదు. 1987లో ఆ పాటకు పేరుంది, మాటా ఉంది, అందుకే బెత్తం దెబ్బ పడింది. 2010లో రెండూ లేవు, అందుకే చప్పట్లు పడ్డాయి. మేడెక్కడం పాపం కాదు గానీ, ఏమి విడిచిపెడితే మేడెక్కనిస్తున్నారో గమనించమంటున్నాను.

పేరు తుడవడం తెలుగువారి ప్రత్యేకవిద్య అనుకునేరు. మాకు కూతవేటు దూరంలో, ఎల్లకవతల, అరక్కోణం ఉంది. అక్కడి కుర్రవాడు అరివు. 2018 జనవరిలో చెన్నైలో పా. రంజిత్ ప్రోద్బలంతో మొదటి కచేరీ చేసిన 'కాస్ట్‌లెస్ కలెక్టివ్' అనే బృందంలో పాడాడు. గానా పాటనూ, పాశ్చాత్య రాక్ సంగీతాన్నీ, పలకనూ కలిపి కుల వివక్ష మీద సూటిగా పాడిన బృందం అది. మన జననాట్యమండలికి పట్నవాసపు తమ్ముడు అనవచ్చు. 2021లో అరివు తన అవ్వ బతుకును, సింహళ తేయాకుతోటల్లోని వెట్టిని తలుచుకుంటూ 'ఎంజాయ్ ఎంజామి' రాసి, ధీ అనే గాయనితో కలిసి పాడాడు. కోట్లమంది విన్నారు. ఆ ఆగస్టులో ఒక ప్రసిద్ధ సంగీతపత్రిక ఆ పాట విజయాన్ని కొనియాడుతూ ముఖచిత్రం వేసింది. అందులో రాసినవాడి ముఖం లేదు! నలుగురూ నిలదీశాక అతని ముఖంతో ఇంకొక ముఖచిత్రం వచ్చింది. గదర్ పార్టీ కాలం కాదు, అజ్ఞాతవాసం కాదు, కాగితాల మీద పేరున్న రచయిత గతి ఇది. పేరే లేని పలకవాడి గతి ఇక చెప్పాలా?

ఇక్కడ నా సహాధ్యాయి ఒకరు వేసే ప్రశ్న బలమైనది, తప్పించుకోను. "జననాట్యమండలివాళ్లు మాత్రం బిచ్చగాళ్ల బాణీ, కూలివాళ్ల బాణీ ఎత్తుకుని సొంతమాట పెట్టలేదా? వాళ్లు చేస్తే విప్లవం, సినిమావాళ్లు చేస్తే దొంగతనమా?" అని. ఎత్తుకున్నారు, నిజమే. బాణీ ఎత్తుకోవడం మన సంప్రదాయం. ఒకే ఏలపాట వరసలో వంద ఊళ్లవాళ్లు వంద పాటలు కట్టుకున్నారు. కానీ జననాట్యమండలి ఆ బాణీని ఎవరి దగ్గర తీసుకుందో వారికే తిరిగి ఇచ్చింది, మీది మళ్లీ మీరు పాడుకోండి అని. ఎవరైనా పాడవచ్చు, మార్చవచ్చు, చరణం తగిలించవచ్చు. సినిమా తీసుకున్న బాణీ ఆడియో కంపెనీ సొత్తు అవుతుంది. రికార్డు మీద 60 ఏళ్లు వారికి హక్కు. రేపు ఆ పలకవాడి మనుమడు తన తాత వరసను అంతర్జాలంలో పెడితే, హక్కులు మావి అని కంపెనీ యంత్రమే నోరు నొక్కగలదు. ఊరి చెరువులో నీళ్లు ముంచుకోవడానికీ, చెరువుకు కంచె వేయడానికీ భేదం లేదంటారా?

చట్టం మారలేదనను. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించి, సినిమాపాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాబడిలో వాటా ఇవ్వాలన్నారు, ఆ వాటాను వదులుకున్నట్టు రాయించుకోరాదన్నారు. మంచి సవరణ. దానివల్ల సినిమాకవికి మేలు కలిగింది. కాగితం మీద సంతకం లేనివాడికి మాత్రం అది ఒరగబెట్టింది ఏమీ లేదు.

సంతకం అంటే నాకు మా కొండకింది తాళ్లపాకవారు గుర్తుకు వస్తారు. అన్నమయ్య కూడా దేశికవే. జోలపాట, దంపుళ్లపాట, సువ్విపాట, ఏలపాట, ఏ వరసనూ వదలలేదు. ఆ సంకీర్తనలు రాగిరేకుల కెక్కి, గుడిలోని అరలో ఎన్నో తరాలు మూతబడి, ఇరవయ్యో శతాబ్దంలో వెలుగుచూశాయి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానంవారు అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టారు, 1997లో సినిమా వచ్చింది, ఇప్పుడు పెళ్లిపందిరినుంచి సెల్‌ఫోను దాకా ఆయనే. వీధి పదం ఇంతకన్న ఎక్కువ మేడలెక్కిన ఉదాహరణ తెలుగులో లేదు. అయినా ఎవరూ దాన్ని కాజేయలేకపోయారు. కారణం, ప్రతి పాట చివరా వేంకటేశ్వరుడి ముద్ర ఉంది. బాణీలు చాలావరకు పోయాయి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారివంటి మహనీయులు కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. మాటా ముద్రా నిలిచాయి గనుక పాట అన్నమయ్యదిగానే నిలిచింది. జననాట్యమండలివారిది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. పాట సమష్టిది, వ్యక్తి పేరెందుకు అన్న ఆదర్శం ఒకటి, పేరు చెబితే పోలీసులు వస్తారన్న భయం ఒకటి. 'మా భూమి'లో గద్దర్ పాడిన పాటను కట్టినవాడు సాయుధపోరాట కాలపు బండి యాదగిరి అని ఈనాడు పదిమందిని అడిగితే ఒక్కడైనా చెబుతాడా? అందరూ గద్దర్ పాట అంటారు. ముద్ర వేసుకోని పాటకు ఈ ప్రమాదం ఇంటివాళ్ల దగ్గరనుంచే మొదలవుతుంది.

ఇక మా ఊరి సంగతి. తిరుపతి అనగానే లోకానికి కొండే గుర్తుకు వస్తుంది. కొండకింద తాతయ్యగుంట గంగమ్మ జాతర ఒకటుంది. బైరాగి వేషం, బండవేషం, తోటివేషం, దొరవేషం, మాతంగివేషం, రోజుకొకటి కట్టి వారంపాటు వీధుల్లో తిరుగుతారు. మగవాళ్లు చీరలు కడతారు. బండవేషగాడు ఎంతటి పెద్దమనిషినైనా బూతులు తిట్టవచ్చు, తిట్లు తిన్నవాడు దండం పెట్టాలి. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాణ్ణి గంగమ్మ వెంటాడి చంపిన కథ అది. దాక్కున్నవాణ్ణి బయటికి లాగడానికి తల్లి వేసిన వేషాలవి, ఆ తిట్లు వాడిని రెచ్చగొట్టడానికి. గిల్మన్ వీధి కుర్రవాళ్ల కోపాన్ని అర్థం చేసుకోవడానికి మా తిరుపతివాడికి బర్కిలీ దాకా పోవలసిన పని లేదు. నా చిన్నతనంలో శిష్టులు ఈ వారం పిల్లలను వీధిలోకి పంపేవారు కాదు.

2024 డిసెంబరు 5న విడుదలైన 'పుష్ప' రెండవ భాగంలో కథానాయకుడు ఆ మాతంగివేషం కట్టాడు. దేశమంతా చూసింది. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట ఇచ్చిన మొదటి పురస్కారాల్లో ఉత్తమనటుడు ఆయనే. ఆయన తాతగారు అల్లు రామలింగయ్య ఒకప్పటి ప్రజానాట్యమండలి కళాకారుడు. ముడులు చూడండి! ప్రజానాట్యమండలి మనుమడికి, మా గంగమ్మ వేషం కట్టినందుకు, జననాట్యమండలి గాయకుడి పేర జ్ఞాపిక. వీధినుంచి మేడకు వేసిన మెట్లన్నీ ఒకే సాయంకాలం ఒకే వేదిక మీద కనిపించాయి. నేను దాన్ని చూసి ఏడవలేదు, పళ్లు కొరకలేదు. అల్లు అర్జున్ శ్రద్ధగా కట్టిన వేషమే అది. తల్లి పాలెగాణ్ణి ఎందుకు వెంటాడిందన్న కథలో కొంత, ఆడపిల్ల మీద చెయ్యివేసినవాడి అంతు చూడడం రూపంలో, ఆ సినిమాలో మిగిలే ఉంది. అంటే మాటలో కొంత దక్కింది. పేరు మాటేమిటి? ఈ వేషాలను తరతరాలుగా కట్టుకొచ్చే కైకాల కులస్థులున్నారు, దరువు వేసే పలకవాళ్లున్నారు. ఆ రాత్రి చప్పట్లు కొట్టిన సభలో ఎంతమంది వారి పేరు విన్నారు?

ఆ పురస్కారాల నిర్ణేతలకు ఒక విన్నపం చేస్తున్నాను. దరఖాస్తు పత్రంలో ఒక్క గడి అదనంగా చేర్చండి. ఈ చిత్రంలో జానపదుల బాణీగానీ, పల్లవిగానీ, వేషంగానీ, దరువుగానీ వాడుకుంటే, అది ఏ ఊరిది, ఏ కులవృత్తివారిది, ఎవరి నోట విన్నారు అని. టైటిళ్లలో ఆ పేరు వేయని చిత్రానికి గద్దర్ పేరున్న జ్ఞాపిక ఇవ్వకండి. ఊరి పాటకు పేరెలా దొరుకుతుందని అడగవద్దు. బిరుదురాజు రామరాజు గారు సినిమావాళ్ల బడ్జెట్టులో వెయ్యోవంతు కూడా లేకుండా, కాలినడకన ఊళ్లు తిరిగి తెలుగు జానపద గేయాలు పోగుచేసి పరిశోధన చేశారు. నేదునూరి గంగాధరం గారు అంతే. దారి ఖర్చులకే డబ్బులేని పండితులు చేయగలిగిన పనిని, ఒక్క పాటకు విదేశాల్లో వారాలతరబడి చిత్రీకరణ చేసేవాళ్లు చేయలేరా? గంగజాతర మేనెలలో వస్తుంది. రైలు టిక్కెట్టు కొనుక్కుని తిరుపతిలో దిగి, తాతయ్యగుంట ఎక్కడని అడిగితే ఆటోవాడే చెబుతాడు. పలకవాళ్ల పేర్లు నేను రాసి ఇస్తాను.